బడినుండి చిత్రశాలకు ఎంత దూరం?

చిత్రకళ మహానగరాల సొత్తు అన్న అభిప్రాయం మనలో బలంగా నాటుకొని ఉన్నది. చిత్రప్రదర్శన అనగానే హైదరాబాదు, శిల్పశాల అనగానే మదరాసు, చిత్రవిద్య అనగానే బొంబాయి, శాంతినికేతనం మన మనస్సుకు తోస్తాయి. నాగార్జునసాగరం ఎడమకాలువ నీటితో పచ్చబడిన త్రిపురారంలో చదువుకొనే బాలునికి, బియ్యపు మరలకు పేరుపొందిన మిర్యాలగూడలోని బాలికకు, రహదారి మీది సూర్యాపేట, కోదాడ పట్టణాలలోని విద్యార్థులకు ఆ లోకంతో ఏమి సంబంధమని అడిగేవారు ఉన్నారు. హైదరాబాదు మాదాపురంలో ఉన్న రాష్ట్ర చిత్రశాల ఇక్కడికి రమారమి 150 కిలోమీటర్ల దూరం. అక్కడ ప్రదర్శన జరిగిన సంగతి పత్రికలో చదివి తెలుసుకొనేలోగా ఆ ప్రదర్శన ముగిసిపోవడం కూడా సాధారణమే.

ఈ దూరం నిజమే. అయితే దూరం అంతా రహదారిది కాదు. కొంత దూరం మన చూపుది. త్రిపురారం నుండి బయలుదేరి ఒక్క పగటిలో వెళ్ళి తిరిగి రాగలిగిన మేరలో రెండువేల ఏళ్ళ శిల్ప చరిత్ర ఉన్నది. ఆ మేరలోనే కాకతీయుల కాలంనాటి కుడ్యచిత్రపు జాడ ఉన్నది. దానిని చూపేవారు లేక, చూడవలెనన్న కోరిక కలిగించేవారు లేక మన పిల్లలు ఆ పక్కగా బస్సులలో సాగిపోతున్నారు. ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి ఆలోచింపదగిన విషయం కనుక, ఈ సీమలో కంటితో చూడవలసినదేమిటి, చేతితో నేర్వవలసినదేమిటి, అందుకు గల అవకాశాలేవి అన్న మూడు అంశాలను ఇక్కడ వరుసగా పరిశీలిద్దాము.

రాతిని గుర్తించిన ఉపాధ్యాయుడు

మొదట నాగార్జునకొండ కథ చెప్పవలెను. ఎందుకనగా ఆ కథకు ఆదిలో నిలిచినవాడు ఒక బడిపంతులు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు కృష్ణ ఒడ్డున కొండల నడుమ ఉన్న లోయలో ప్రాచీన స్తంభాన్ని చూచి, అది సామాన్యమైన రాయి కాదని గ్రహించి, మదరాసు ప్రభుత్వానికి తెలియజేసినాడు. ఆ లోయలో పశువులను మేపుకొన్నవారు, పొలాలు దున్నుకొన్నవారు ఎన్ని తరాలుగా ఆ రాళ్ళను చూడలేదు! చూచినవారు వేలమంది, గుర్తించినవాడు ఒక్కడు. ఆ గుర్తింపు ఫలితంగా 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్టు త్రవ్వకాలు జరిపినాడు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలుగులోకి వచ్చినది.

వెంకటరామయ్య చూపు విలువ ఎంతటిదో తెలియవలెనంటే అదే కృష్ణ ఒడ్డున దిగువనున్న అమరావతిని తలచుకోవలెను. అక్కడి మహాస్తూపపు చలువరాతి ఫలకాలను వాటి విలువ తెలియని కాలంలో సున్నం కోసం కాల్చివేసినారు. మిగిలినవాటిలో కొన్ని మదరాసు చేరినవి, మరికొన్ని సముద్రం దాటి లండనులోని బ్రిటిషు మ్యూజియం చేరినవి. ఒకచోట రాయి సున్నమైనది. మరొకచోట రాయి చరిత్ర అయినది. రెంటికీ మధ్య ఉన్న భేదం చూచిన కంటిలో ఉన్నది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర నిర్మాణానికి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. జలాశయంలో లోయ మునిగిపోవుట తప్పదని తేలడంతో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురాతత్త్వవేత్తలు కాలంతో పందెం వేసుకొన్నట్లు ఆ నేలను శోధించినారు. ముఖ్యమైన కట్టడాలను కొండ నెత్తిపైకీ, అనుపు వద్ద ఒడ్డుకూ తరలించి తిరిగి నిలిపినారు. నీటి నడుమ దీవిగా మారిన ఆ కొండమీద 1966లో ప్రదర్శనశాల ఏర్పడినది. మన పొలాలకు నీరిచ్చిన ఆ జలాశయం అడుగున ఒక రాజధాని ఉన్నదన్న సంగతి ఎడమకాలువ కింద పంటలు పండించే ప్రతి కుటుంబపు బిడ్డా తెలుసుకొనవలెను.

అక్కడి శిల్పాలలో విద్యార్థి గమనింపదగినవి కొన్ని ఉన్నవి. పలనాటి సున్నపురాయి లేత ఆకుపచ్చ చాయతో ఉంటుంది. మెత్తనిది కనుక ఉలి చెప్పినట్లు విన్నది. ఫలకాలమీద జాతక కథలను శిల్పులు గదులు గదులుగా విభజించి, గదికొక ఘట్టంగా చెక్కినారు. నేటి పిల్లలు చదివే బొమ్మల కథల పద్ధతి ఇదే. రెండు గదుల మధ్య ఒక మిథునాన్నో ఒక స్తంభాన్నో నిలిపి ఘట్టం మారినదని సూచించినారు. వీరులకూ సేనానులకూ ఎత్తిన ఛాయాస్తంభాలు కూడా ఆ లోయలో దొరికినవి. స్తూపానికి నాలుగు దిక్కుల ఐదేసి ఆయక స్తంభాలు నిలిపే పద్ధతి ఈ కృష్ణాతీరపు ప్రత్యేకత. ఆ దానాలు చేసినవారిలో రాజుల కంటె రాజకుటుంబపు స్త్రీల పేర్లే ఎక్కువగా వినవస్తాయి. మహాచైత్యానికి స్తంభాలు నిలిపిన చాంతిసిరి పేరు శాసనాలలో నేటికీ నిలిచి ఉన్నది. కళను పోషించినవారు స్త్రీలన్న సత్యాన్ని బాలికలకు చెప్పడానికి ఇంతకంటె మంచి చోటు వేరొకటి కానరాదు.

సాగరం వద్దనే 274 ఎకరాలలో నిర్మించిన బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైనది. అమరావతి పద్ధతిలో నిర్మించిన మహాస్తూపం, జాతక కథలను చూపే వనం, బుద్ధుని జీవిత ఘట్టాలను చెప్పే వనం అందులో ఉన్నవి. ప్రాచీన శిల్పాన్ని కొండమీద చూచి, దానిని అనుసరించిన నేటి శిల్పుల పనితనాన్ని ఇక్కడ చూచి, రెంటినీ పోల్చుకొనే వీలు విద్యార్థికి లభిస్తుంది. పాత శిల్పి ఎక్కడ తగ్గించి చెప్పినాడు, కొత్త శిల్పి ఎక్కడ పెంచి చెప్పినాడు అన్న ప్రశ్నను పిల్లలకు వేసి చూడండి. వారు చెప్పే జవాబులు ఉపాధ్యాయులను ఆశ్చర్యపరుస్తాయి.

ఫణిగిరి నుండి న్యూయార్కు వరకు

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఫణిగిరి అనే చిన్న గ్రామం ఉన్నది. పడగ విప్పిన పాము వలె ఉన్న కొండను బట్టి ఆ ఊరికి ఆ పేరు వచ్చినది. ఆ కొండమీది త్రవ్వకాలలో బౌద్ధ విహారాలు, చైత్యాలు, చక్కని శిల్పాలు బయల్పడినవి. అందులో తోరణపు దూలాలు ముఖ్యమైనవి. రెండు వైపులా శిల్పాలు చెక్కిన తోరణం సాంచి వంటి చోట్ల ప్రసిద్ధం. దక్షిణాన అటువంటిది దొరకడం విశేషం. సిద్ధార్థుని మహాభినిష్క్రమణ ఘట్టాన్ని చెక్కిన శిల్పం కూడా ఇక్కడిదే.

ఇక్కడ చదువరులకు ఒక మాట. బుద్ధుని మానవాకృతిలో చూపక, పాదముద్రలు, శూన్యాసనం, ధర్మచక్రం వంటి గుర్తులతో సూచించడం తొలినాటి శిల్పుల సంప్రదాయం. మానవాకృతి క్రమంగా వచ్చినది. లేనిదానిని ఉన్నట్లు చూపగల ఈ ఉపాయం చిత్రకళలో ఒక గొప్ప పాఠం. ఇంటి యజమాని లేని గదిని, అతని చెప్పులతో, కండువాతో, చేతికర్రతో చిత్రించి, అతనిని చూపమని ఒక తరగతికి అప్పగిస్తే ఈ పాఠం ఒక గంటలో బోధపడుతుంది.

ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రాచీన భారతీయ బౌద్ధశిల్ప ప్రదర్శనకు వెళ్ళినవి. ఆ ప్రదర్శన తరువాత కొరియా రాజధాని సియోలులో కూడా జరిగినది. 2024లో అదే కొండమీద ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికినవి. వాటిమీద ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నం ఉన్నవి. సముద్రాలు దాటి వెళ్ళి పరదేశీయుల మన్నన పొందిన శిల్పం పుట్టిన కొండను, సూర్యాపేటలోని ఎన్ని బడుల పిల్లలు ఎక్కి చూచినారు? ఈ ప్రశ్నను నిందగా కాక పిలుపుగా తీసుకోవలెను.

పిల్లలమర్రి, పానగల్లు

సూర్యాపేటకు కొద్ది కిలోమీటర్లలోనే పిల్లలమర్రి ఉన్నది. పినవీరభద్ర కవి ఇంటిపేరుగా సాహిత్య విద్యార్థులందరికీ ఈ ఊరు తెలుసు. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఇక్కడ ఆలయాలు కట్టించినారు. 1202లో నామిరెడ్డి నామేశ్వరాలయాన్ని, 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ ఎరకేశ్వరాలయాన్ని నిర్మించినారు. నల్లరాతి స్తంభాలను అద్దం వలె నునుపు చేసిన పనితనం ఇక్కడ చూడవలసినది. నగిషీలో పూసల పేరులు, లతలు, నర్తకీ భంగిమలు ఎంత సన్నగా ఉన్నవో అంత స్పష్టంగా ఉన్నవి.

అంతకంటె విలువైనది, చాలమంది గమనించక దాటిపోయేది మరొకటి ఉన్నది. పిల్లలమర్రిలో క్షీరసాగర మథన ఘట్టాన్ని చిత్రించిన కుడ్యచిత్రపు అవశేషం ఉన్నది. కాకతీయుల కాలపు శిల్పం విస్తారంగా మిగిలినది. ఆ కాలపు వర్ణచిత్రం మాత్రం బహు అరుదు. కాలం, తేమ, పొగ, సున్నపు పూతలు కలిసి గోడమీది రంగులను తుడిచివేసినవి. కాబట్టి పిల్లలమర్రిలో మిగిలిన ఆ కొద్ది రంగు మన చిత్రకళా చరిత్రలో ఒక పుట. ఆ పుట సంపూర్ణంగా చెరిగిపోకముందే మన పిల్లలు దానిని చూచి, చేతనైనంతలో కాగితం మీద నిలుపుకోవలెను. కాకతీయ శిల్పాన్ని ప్రేమతో అధ్యయనం చేసిన కొండపల్లి శేషగిరిరావు మార్గం ఇదే. మహబూబాబాదు ప్రాంతంలో 1924లో పుట్టిన ఆయన శాంతినికేతనంలో నందలాల్ బోసు వద్ద శిక్షణ పొంది, హైదరాబాదు లలితకళాశాలలో అనేకులకు విద్య నేర్పి, 2012లో కన్నుమూసినారు. ఆయన గీతలోని లాలిత్యానికి మూలం మన గుడులలోని రాతిగీత.

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని పానగల్లు ఉన్నది. అక్కడ పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం రెండూ చూడదగినవి. పచ్చల సోమేశ్వరాలయపు స్తంభాల మీద, గోడల మీద పురాణ ఘట్టాలు కిక్కిరిసి ఉన్నవి. పక్కనే పురావస్తు ప్రదర్శనశాల కూడా ఉన్నది. ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భగుడులు ఒకే మంటపంలోనికి తెరచుకొనే త్రికూటాలయం. ఒక గర్భగుడిలో లింగం వెనుక గోడమీద స్తంభపు నీడ వంటి ఛాయ పగలంతా కదలక నిలిచి ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదేమి అని పిల్లలు తప్పక అడుగుతారు. నేరుగా పడే ఎండ కాక, చుట్టూ చెదరి లోపలికి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకొనే తీరులో దీని రహస్యం ఉన్నదని విజ్ఞాన శాస్త్రోపాధ్యాయుడు చెప్పగలడు. ఒక కొవ్వొత్తికీ, ఒక మేఘావృతమైన ఆకాశానికీ వెలుగులో గల భేదాన్ని, వాటి కింద ఒకే కుండ ఎట్లు మారి కనిపిస్తుందో చిత్రలేఖనోపాధ్యాయుడు చూపగలడు. ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి చెప్పదగిన ఇటువంటి పాఠం పాఠ్యపుస్తకాలలో దొరకదు.

ముంగిటి కళ

పాతరాళ్ళను మాత్రమే కళ అనుకొంటే పొరపాటు. ఉదయాన ఇంటి ముందు వేసే ముగ్గు గీతకు పాఠశాల. చుక్కల లెక్క తప్పకుండా, గీత తెగకుండా, చేతివేళ్ళ నుండి జారే పిండితో నేలమీద సమరూపాన్ని సాధించే మన తల్లులకు ఎవరూ పట్టాలివ్వలేదు. బతుకమ్మను పేర్చే స్త్రీ వర్ణ విజ్ఞానం సామాన్యమైనది కాదు. తంగేడు పసుపు, అద్దకపు రంగులు పట్టిన గునుగు, బంతి, గుమ్మడి వరుస వరుసలుగా పైకి సన్నబడుతూ పోతాయి. ఏ రంగు పక్కన ఏ రంగు నిలిస్తే వెలుగుతుందో ఆమె కంటికి తెలుసు. ఈ తెలివిని బడిలో గౌరవించిన నాడు మన పిల్లలకు చిత్రకళ పరాయి విద్యగా తోచదు.

పాత నల్లగొండ జిల్లాలోని పుట్టపాక నేతగాళ్ళు నేసే తేలియా రుమాలు నూలును నూనెలో నానబెట్టి, దారానికి ముందే రంగు కట్టి, మగ్గంమీద రూపం తేల్చే విద్య. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. నేసేవాడు రూపాన్ని గుడ్డమీద కాక ముందుగా మనస్సులో చూడవలెను. అందులకే అది గొప్ప చిత్రవిద్య. సిద్దిపేట సీమలోని చేర్యాల నకాషీ పటాలలో చింతగింజల అంబలి పూసిన గుడ్డమీద ఎర్రని నేపథ్యంలో కులపురాణాలు కథలుగా నడుస్తాయి. పటాన్ని విప్పుతూ కథ చెప్పే గాయకుడు ఒకనాటి గ్రామానికి చలనచిత్రశాల.

పట్టణాలలో ఇంకొక కళ కనుమరుగైనది. దుకాణాల ముందు పేరు పలకలు, గోడలమీద ప్రకటనలు, సినిమా బొమ్మలు చేతితో వ్రాసిన చిత్రకారులు ప్రతి తాలూకా కేంద్రంలోనూ ఉండేవారు. అక్షరానికి ఒడుపు, నీడకు లోతు వారి కుంచెలో ఉండేవి. ముద్రణ యంత్రాల మీద తయారయ్యే ఫ్లెక్సీ బోర్డులు వచ్చి ఆ వృత్తిని మింగివేసినవి. బడిగోడమీద ఒక పటం, ఒక సూక్తి వ్రాయించవలసి వచ్చినప్పుడైనా ఆ పాత చేతులను వెదికి పిలిపించడం ఉపాధ్యాయుల చేతిలో ఉన్న పని. వారు వ్రాస్తూ ఉండగా పిల్లలు నిలబడి చూస్తే, తెలుగు అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో ఆ ఒక్క పూటలో నేర్చుకొంటారు.

చిన్న పట్టణం ఏమి చేయగలదు?

చిన్న పట్టణంలో చిత్రకళ నిలువదనేవారికి రెండు ఊళ్ళు సమాధానం చెబుతాయి.

మొదటిది రాజమహేంద్రవరం. అక్కడి ప్రభుత్వ కళాశాల అధ్యక్షుడు ఆస్వాల్డు కూల్డ్రే తన విద్యార్థులలో బొమ్మలు గీసేవారిని వెదకి పట్టుకొన్న ఆంగ్లేయుడు. 1897లో పుట్టిన దామెర్ల రామారావు అట్లు దొరికిన రత్నం. అడివి బాపిరాజు మరొక శిష్యుడు. కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి చదివి, తిరిగి వచ్చి, తన ఊరిలోనే చిత్రకళాశాల స్థాపించినాడు. ‘సిద్ధార్థ రాగోదయం’, ‘పుష్పాలంకరణ’ వంటి చిత్రాలు వ్రాసి, 1925లో మశూచికం సోకి 28వ ఏటనే మరణించినాడు. అంతటితో కథ ముగియవలసినది, కాని ముగియలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాలను నడిపినాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఆయన చిత్రాలను చెదరనీయలేదు. ఫలితంగా నేడు రాజమహేంద్రవరంలో రామారావు పేర చిత్రశాల నిలిచి ఉన్నది. ఒక ఉపాధ్యాయుని చూపు, ఒక కుటుంబపు శ్రద్ధ, ఒక మిత్రుని పట్టుదల కలిసి ఒక పట్టణానికి చిత్రశాలను ఇచ్చినవి.

రెండవది సిద్దిపేట. 1925లో అక్కడ పుట్టిన కాపు రాజయ్య హైదరాబాదులో చిత్రకళ నేర్చి, తిరిగి తన ఊరికే వచ్చి చిత్రలేఖనోపాధ్యాయుడుగా పనిచేసినారు. బోనాలు, బతుకమ్మ, పొలాల్లో పనిచేసే స్త్రీలు ఆయన చిత్రాలకు వస్తువులు. నకాషీ పటాల గీతనూ, రంగునూ ఆయన తన చిత్రాలలోనికి తెచ్చుకొన్నారు. సిద్దిపేటలో లలితకళా సమితిని నెలకొల్పి ఊరికి ప్రదర్శనల రుచి చూపినారు. 2012లో మరణించేవరకు ఆయన తన ఊరిని విడువలేదు. ఊరు విడువని చిత్రకారుని పేరు దేశమంతా విన్నది.

మన సీమకు కూడ పేర్లు కొదువ లేదు. పాత నల్లగొండ జిల్లాలోని కదిరేనిగూడెంలో పుట్టిన ఏలె లక్ష్మణ్ 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర చిహ్నాన్ని రూపొందించినారు. పత్రికలలో తన వ్యంగ్యచిత్రాలతో తెలుగువారిని నవ్వించి ఆలోచింపజేసి 2014లో మరణించిన శేఖర్ సూర్యాపేట బిడ్డ. వీరు పుట్టిన ఊళ్ళలో చిత్రశాలలు లేవు. ఉన్నది పట్టుదల మాత్రమే. కాని పట్టుదల గలవాడే పైకి రావలెనన్న నియమం న్యాయమైనది కాదు. ఒకరు నెగ్గినప్పుడు, నెగ్గలేక కుంచె వదిలిన పదిమంది మనకు కనిపించరు. వారికి తోవ చూపడమే ఇక్కడి సమస్య.

అవకాశాలు

తోవలు లేకపోలేదు; తెలియకపోవడమే ఎక్కువ. పదినుండి పదునాలుగేళ్ళ వయసు బాలబాలికలకు కేంద్ర సాంస్కృతిక వనరుల శిక్షణ సంస్థ ప్రతిభాన్వేషణ విద్యార్థి వేతనాలు ఇస్తున్నది. సంగీత నృత్యాలతో పాటు చిత్రం, శిల్పం, చేతిపనులు కూడా అందులో ఉన్నవి. 1979లో ఏర్పడిన ఈ సంస్థ ఉపాధ్యాయులకు కూడా శిక్షణ ఇస్తుంది. హైదరాబాదులో దానికి ప్రాంతీయ కేంద్రం ఉన్నది. 2015 నుండి కేంద్ర విద్యాశాఖ కళా ఉత్సవం పేరిట మాధ్యమిక స్థాయి విద్యార్థులకు పోటీలు జరుపుతున్నది. జిల్లా నుండి రాష్ట్రానికి, రాష్ట్రం నుండి దేశానికి మెట్లుగా సాగే ఈ ఉత్సవంలో చిత్రలేఖనం, శిల్పం, దేశీయమైన బొమ్మల తయారీ ఉన్నవి. కొండపల్లి, నిర్మల బొమ్మల దేశంలో పుట్టిన పిల్లలకు చివరి అంశం చేతికందిన పండు. వ్యంగ్యచిత్రకారుడు శంకర్ 1949లో ఆరంభించిన బాలల చిత్రలేఖన పోటీ మన దేశపు పిల్లల బొమ్మలను పరదేశాల పిల్లల బొమ్మల సరసన నిలిపినది.

చిత్రలేఖనాన్ని జీవనోపాధిగా తలచేవారికి ప్రభుత్వ పరీక్షల శాఖ నిర్వహించే సాంకేతిక ధ్రువపత్ర పరీక్షలు మొదటి మెట్టు. లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు అని వీటిలో రెండంతస్తులు. ఏడవ తరగతి నెగ్గినవారు మొదటిదానికి కూర్చుండవచ్చును. ఆ పైన 42 దినాల వేసవి శిక్షణ పొంది చిత్రలేఖనోపాధ్యాయులుగా అర్హత సంపాదించుకొనవచ్చును. ఇంటరు తరువాత నాలుగేళ్ళ లలితకళా పట్టానికి జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళా విశ్వవిద్యాలయం ప్రవేశపరీక్ష జరుపుతుంది. 1940లో హైదరాబాదులో నెలకొన్న చిత్రకళా పాఠశాలయే పెరిగి పెరిగి 2008లో ఈ విశ్వవిద్యాలయంలో భాగమైనది. చిత్రలేఖనం, శిల్పం, ప్రకటన చిత్రకళ, ఛాయాచిత్రణం, చలన బొమ్మల నిర్మాణం అందులో బోధిస్తారు. ఆ ప్రవేశపరీక్షలో జ్ఞాపకం నుండి దృశ్యాన్ని గీయవలసి ఉంటుంది. సంతను, బస్సు నిలయాన్ని, నాట్లు వేసే పొలాన్ని కళ్ళారా చూచి గీసే అలవాటున్న పల్లెటూరి విద్యార్థికి ఇది కీడు కాదు, మేలు. పై చదువులకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు కళాశాల ఉన్నది. తెలుగు విశ్వవిద్యాలయంలో కూడా శిల్ప చిత్రకళా శాఖ ఉన్నది.

ఈ చదువుల వెనుక బ్రతుకుతెరువు లేదని తల్లిదండ్రులు జంకడం సహజం. వస్త్రాల అల్లికకు రూపం ఇచ్చేవారు, పుస్తకాలకు ముఖచిత్రాలు వేసేవారు, చలనచిత్రాలకు కళాదర్శకులు, పురావస్తు శాఖలో శిల్పాల రేఖాచిత్రాలు తీసేవారు, యంత్రంమీద బొమ్మలకు చలనం కల్పించేవారు నేడు కావలసి ఉన్నారు. అందరూ పేరుపొందిన చిత్రకారులు కానక్కరలేదు. తీర్చిన చేయి ఏ పనిలోనైనా అన్నం పెడుతుంది.

మన బడులలో

ఇంత చెప్పిన తరువాత అసలు చిక్కుముడి మన బడిలోనే ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం, ఆరు నుండి ఎనిమిది వరకు తరగతులలో నూరుమందికి మించి విద్యార్థులున్న బడికి కళావిద్య బోధించే పాక్షికకాల బోధకుడు ఉండవలెనని తన అనుబంధంలో నిర్దేశించినది. చట్టం కాగితం మీద ఉన్నది. చిత్రలేఖనపు గంట కూడ కాలపట్టికలో ఉన్నది. పరీక్షలు దగ్గరపడగానే ఆ గంటను గణితం తీసుకొంటుంది, మిగిలినదానిని ఆంగ్లం తీసుకొంటుంది. బొమ్మలు గీసే పిల్లవాడు చదువు చెడినవాడన్న మాట నేటికీ వినబడుతుంది. నోటుపుస్తకపు చివరి పుటలో గీసిన బొమ్మకు దండన పొందిన బాలుడు కుంచె పట్టడం మాని, పదేళ్ళు గడిచిన తరువాత తనకు బొమ్మలు వచ్చేవన్న సంగతి కూడా మరచిపోతాడు. ఆ నష్టాన్ని ఏ లెక్కలోనూ వ్రాయరు.

ప్రభుత్వం బోధకుని పంపేవరకు చేతులు ముడుచుకొనక, ఉన్న ఉపాధ్యాయులే చేయదగిన పనులు కొన్ని ఉన్నవి. సంవత్సరానికి ఒక్కసారి విహారయాత్రను నీటి ఆటస్థలాలకు కాక నాగార్జునకొండకో ఫణిగిరికో పిల్లలమర్రికో మళ్ళించవచ్చును. వెళ్ళేముందు ఒక్క శిల్పపు కథను తరగతిలో చెప్పవలెను. అక్కడ ఒక్కొక్క విద్యార్థి ఒక్క శిల్పం ముందు అరగంట కూర్చుండి పెన్సిలుతో గీయవలెను. అంతా చూడవలెనన్న ఆత్రంలో పిల్లలు ఏదీ చూడరు. శిల్పాన్ని తాకరాదు, సుద్దముక్కతో గీతలు దిద్దరాదు, నూనె, పసుపు, కుంకుమ పూయరాదు, పేర్లు చెక్కరాదు. ఈ నాలుగు నియమాలు ముందుగానే చెప్పవలెను. పిల్లలమర్రి గోడమీది రంగుకు చేతి చెమ్మ కూడ శత్రువే.

తిరిగి వచ్చిన తరువాత ఆ బొమ్మలను బడి వరండాలో దారంమీద వ్రేలాడదీయవచ్చును. జనవరి 26న ఊరివారిని పిలిచి చూపవచ్చును. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట బడులు మూడు కలిసి తమ బొమ్మలను ఒకచోట చేర్చి, గ్రంథాలయంలో వారం రోజులు ఉంచగలిగితే అదే ఆ పట్టణపు చిత్రప్రదర్శన అవుతుంది. బహుమతులు లేకున్నా నష్టం లేదు. తన బొమ్మ ముందు పరాయి ఊరివాడు ఒక్క నిమిషం ఆగడం పిల్లవానికి బహుమతి కంటె ఎక్కువ.

రంగుల ఖర్చు అధికమనే అభ్యంతరం కూడా చెల్లదు. బొగ్గు, సున్నం, ఎర్రమట్టి, పసుపు, నీలిమందు మన ఊళ్ళలో ఉన్నవే. చింతగింజల అంబలి చేర్యాల చిత్రకారులకు పనికివచ్చినప్పుడు మన తరగతికి పనికిరాకపోదు. పాత పత్రికల మీద పెద్ద గీతలు గీయడం నేర్చిన చేయి చిన్న కాగితం మీద తడబడదు. ముఖ్యమైనది, పిల్లవాడు అచ్చుబొమ్మను చూచి నకలు తీయక, తన కంటితో చూచినదానిని గీయవలెను. తన ఇంటి గేదెను గీయలేని విద్యార్థి పుస్తకంలోని సింహాన్ని ఎంత చక్కగా దించినా చిత్రకారుడు కాడు.

తరగతిలో నలభైమంది ఉంటే నలభైమందీ చిత్రకారులు కారు, కానక్కరలేదు. వారిలో ఒకరిద్దరికి ఆ వరం ఉంటుంది. వారిని గుర్తించి, పరీక్షల దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందో చెప్పి, తల్లిదండ్రులతో ఒక్కమాట మాట్లాడితే చాలు. తక్కినవారికి మిగిలేది చూపు. ఆ చూపు గలవారు రేపు పంచాయతీ సభ్యులై, గుత్తేదారులై, ఆలయ ధర్మకర్తలై ఉంటారు. పాతగుడి గోడలకు రంగు కొట్టవలెనన్న తీర్మానం వారి ముందుకు వస్తుంది, పొలంలో నాగలికి తగిలిన రాతిని పగులగొట్టవలెనా అన్న ప్రశ్న వారి ముందుకు వస్తుంది. ఆనాడు వారు ఇచ్చే సమాధానం నేడు మన తరగతి గదిలో తయారవుతున్నది.

సూరపరాజు వెంకటరామయ్యకు పురావస్తు శాఖలో ఉద్యోగం లేదు. కూల్డ్రే దొర చిత్రశాల అధికారి కాడు. కాపు రాజయ్య తొలుత ఒక బడిలో చిత్రలేఖనపు పంతులు. ముగ్గురూ ఉపాధ్యాయులే. వారు తమ చుట్టూ ఉన్నదానిని చూచినారు, చూచినదానిని పదిమందికి చూపినారు. ఈ సీమలోని ఉపాధ్యాయులు ఆ పనికి పూనుకొనడానికి మరొక చిత్రశాల కట్టేవరకు వేచి ఉండనక్కరలేదు. ఫణిగిరి కొండ ఉన్నది, పిల్లలమర్రి గోడమీద ఇంకా కొంత రంగు మిగిలి ఉన్నది. ఈ ఏడు ఒక్క తరగతిని అక్కడికి తీసుకొని వెళ్ళవలెను.